రెండు వందల ఏడు గంటలు

"ఏడు గంటలు ఎక్కడ మింగావయ్యా? అదొక్కటి చెప్పు!"

"మింగడానికి అవేమన్నా మాత్రలా సారూ?"

"మరి మీటరు మీదికి ఎలా ఎక్కాయి? నిచ్చెన వేసుకుని ఎక్కాయా?"

"మీటరునే అడగండి, నన్నడుగుతారేం! ఈ నెల నేను బండి తిప్పింది పన్నెండు గంటలు. చీటీలున్నాయి. ప్రతి చీటీ మీదా నా సంతకం ఉంది."

"నీ సంతకం సంగతి నాకు తెలీదూ! కోడి గెలికినట్టుంటుంది. అది చూసి ఆఫీసువాళ్ళు నమ్ముతారా?"

"నమ్మకపోతే మానెయ్యమనండి. ముప్ఫై ఏళ్ళు ఒకే బండి మీద కూర్చున్నవాణ్ణి పట్టుకుని దొంగంటే..."

"దొంగన్నానా? నేనన్నానా ఆ మాట?"

"మీరనలేదు. మా ఇంట్లోవాళ్ళన్నారు."

రేకు గోడకి ఇవతల గంటలక్క చేతిలో కుంచె ఆగిపోయింది. ఎర్ర రేకు పలక మీద తెల్ల రంగుతో అంకెలు దిద్దుతోంది ఆమె. తొమ్మిది తోక సగంలో ఉండగానే రంగు కిందికి కారింది. గుడ్డతో తుడిచింది. తుడిస్తే ఇంకాస్త పాకింది. తొమ్మిది కాస్తా ఎనిమిదిలా తయారైంది. సరేలే అనుకుని మళ్ళీ మొదలుపెట్టింది. "ఇంట్లోవాళ్ళు" అంటే తనే మరి. అవతల అరుస్తున్నది ఆమె మొగుడు. అరిపిస్తున్నది యార్డు యజమాని, చిన్నసారు.

ఆ యార్డులో ఇరవై మూడు డీజిలు యంత్రాలున్నాయి. మట్టి తవ్వేవి, కంకర ఎత్తేవి, నేల చదును చేసేవి. ఒక్కటీ రోడ్డెక్కేది కాదు. రోడ్డెక్కని బండ్ల పొగని చాలాకాలం ఎవరూ పట్టించుకోలేదు. పదకొండేళ్ళ కిందట నిబంధన వచ్చింది. యార్డులోని ఇంజన్లన్నీ కలిపి సగటున ఇంతకు మించి పొగ వదలకూడదనీ, ఆ హద్దు ఏటేటా కిందికి దిగుతుందనీ, పాత ఇంజన్లు ఒక్కొక్కటే తప్పుకోవాలనీ దాని సారాంశం. తప్పుకోనక్కర్లేని దారి ఒక్కటే ఉంది. ఏడాదిలో రెండు వందల గంటలు దాటి తిరగని బండి ఎంత ముసలిదైనా ఉండొచ్చు. గంటలు లెక్కపెట్టడానికి బండికి మీటరుండాలి. మీటరు చూసి రాయడానికి ఒక మనిషుండాలి.

ఆ మనిషి గంటలక్క. అంతకు ముందు పదిహేనేళ్ళు ఆమె అక్కడే కాటా దగ్గర చీటీలు రాసేది. నిబంధనలున్న ఆ పొగ పుస్తకం వచ్చిన రోజున అప్పటి యజమాని, అంటే ఇప్పటి చిన్నసారు తండ్రి, అందర్నీ పిలిచి దాన్ని బల్ల మీద పెట్టాడు. నూట నలభై పేజీలు. మేనేజరు కిటికీలోంచి బయటికి చూశాడు. మెకానిక్కు తన చేతుల మసి వంక చూసుకున్నాడు. "నీ చేతిరాత గుండ్రంగా ఉంటుంది కదమ్మా, ఇది నువ్వు చూడు" అన్నాడు పెద్దాయన. చేతిరాత బాగుండటం ఎంత ప్రమాదమో ఆమెకి ఆ రోజు తెలిసింది.

అప్పట్నుంచీ ప్రతి నెలా ఒకటో తారీకున ఒక పాతగుడ్డ, ఒక టార్చి, ఒక గట్టి అట్ట పుస్తకం పట్టుకుని ఇరవై మూడు బండ్లూ ఎక్కి దిగుతుంది. అద్దం తుడిచి అంకె చూసి రాస్తుంది. ఇంజను మీద గ్రీజు గోకి, తయారైన ఏడాది వెతికి పట్టుకుంటుంది. ప్రతి బండికీ అటొకటి ఇటొకటి నంబరు పలకలు రాసి బిగిస్తుంది. పని లేకుండా ఐదు నిమిషాలు దాటి ఇంజను ఆడితే వెళ్ళి కేబిన్ తలుపు మీద చేత్తో కొడుతుంది. డ్రైవర్లు ఊరుకుంటారా! "అక్కొస్తోంది, ఊపిరి బిగబట్టండ్రోయ్. అది కూడా పొగ కిందే రాస్తుంది" అంటారు. వానరోజుల్లో చూసీ చూడనట్టు పోయేది. సత్యహరిశ్చంద్రుడి చెల్లెలేమీ కాదు ఆమె. ఓపిక ఉన్నంతవరకే చేసేది.

ఓపిక ఈ మధ్య మోకాళ్ళ దగ్గరే ఆగిపోతోంది. పెద్ద యంత్రానికి నాలుగు మెట్లుంటాయి, ఒక్కో మెట్టూ మోకాలెత్తు. ఇరవై మూడు బండ్లు అయ్యేసరికి రెండు రోజులు పడుతోంది. ఒకప్పుడు పూటలో అయ్యేది.

మొగుణ్ణి యార్డంతా లోడరు మావ అంటుంది. ముప్ఫై ఒక్క ఏళ్ళ కిందటి పాత లోడరు ఒకటుంది, ముందు పెద్ద బకెట్‌తో కంకర ఎత్తేది. దాన్ని ఆయన తప్ప ఎవరూ ముట్టుకోరు. పెళ్ళికి ఏడాది ముందే ఆయన చేతికి వచ్చింది కాబట్టి దానికి పెద్దావిడ అని పేరు పెట్టారు కుర్రకారు. గంటలక్క చిన్నావిడ. "మావా, ఇవాళ పెద్దావిడ దగ్గరా, చిన్నావిడ దగ్గరా?" అని అడిగితే, "పెద్దావిడే నయం, తాళం తీస్తే నోరు మూస్తుంది" అనేవాడాయన.

అయితే ముప్ఫై ఏళ్ళ అదురు ఆ వేళ్ళని ఊరికే వదల్లేదు. చల్లటి నీళ్ళు తగిలితే చూపుడు వేలూ మధ్య వేలూ సున్నం పూసినట్టు తెల్లబడతాయి. చొక్కా గుండీ పెట్టుకోలేడు, రోజూ ఆమే పెడుతుంది. కొత్త బండ్లలో పిడులు బొటనవేలంత ఉంటాయి. రెండేళ్ళ కిందట ఒకదాని మీద కూర్చోబెట్టి చూశారు. పిడి చేతిలో ఉందో లేదో కూడా ఆయనకి తెలియలేదు. బకెట్ తీసుకెళ్ళి నీళ్ళ ట్యాంకు మీద పెట్టాడు. ట్యాంకు రెండు ముక్కలైంది. పెద్దావిడకి మోచేతి పొడవు కడ్డీలు. భుజంతో లాగినా పలుకుతాయి. ఆ బండి ఉన్నన్నాళ్ళే ఆయనకి యార్డులో సీటు. ఆ సంగతి చిన్నసారుకి తెలుసు, ఆయనకి తెలుసు, అందరికంటే బాగా ఆమెకి తెలుసు.

అందుకే రెండు వందల గంటల్ని ఆమె సంసారంలో నూనె వాడినట్టు వాడేది. నెలకి పదహారు, మరీ పనుంటే పదిహేడు. రాత్రి అన్నం దగ్గర చెప్పేది. "రేపు కంకర ఎత్తడానికి రెండు గంటలు. అంతే."

"రెండు గంటలు ఇంజను వేడెక్కడానికే చాలవే."

"వేడెక్కాక కట్టెయ్."

మిగిలిన రోజంతా ఆయన మిగతా బండ్లకి గ్రీజు పెడుతూ, కడుగుతూ గడిపేవాడు. ఈ ఏడాది కూడా అలాగే పొదుపుగా నెట్టుకొచ్చింది. లెక్క సంవత్సరం ఈ నెలాఖరుతో అయిపోతుంది. కిందటేడు చివరి రోజున కొత్త మీటరు బిగించారు కాబట్టి అది సున్నా నుంచి మొదలైంది. ఈ నెల ఒకటిన నూట ఎనభై మూడు చూపించింది. పన్నెండు గంటల పని మిగిలింది, కలిపితే నూట తొంభై ఐదు. ఇంకా ఐదు గంటలు చేతిలో ఉంటాయి. హమ్మయ్య అనుకుంది.

మూడు రోజుల కిందట నివేదిక రాద్దామని ఎక్కి అద్దం తుడిస్తే రెండు వందల ఏడు.

దిగింది. మళ్ళీ ఎక్కింది. టార్చి వేసి చూసింది. వేలితో ఒక్కో అంకె మీదా అద్దం రుద్దింది. ఏడు ఏడే.

ఆ సాయంత్రం ఇంట్లో కంచం ముందు కూర్చోబెట్టి అడిగింది. "బండి ఎవరికిచ్చావు?"

"ఏ బండి?"

"ఎన్ని బండ్లున్నాయి నీకు! సెలవు రోజుల్లో ఎవరి నేల చదును చేసిపెట్టావు? లెక్కలో లేనివి పన్నెండు గంటలు."

"పిచ్చా నీకు?"

"నాకు పిచ్చి. మీటరుకి కూడా పిచ్చేనా?"

"మీటరు మీదున్న నమ్మకం మొగుడి మీద లేదన్నమాట."

"మొగుడు పూటకో మాట మారుస్తాడు. మీటరు మార్చదు. దొంగపని చేసి మళ్ళీ నన్నంటావేం?"

ఆయన చెయ్యి కడిగేసుకున్నాడు. ముద్ద కంచంలోనే ఉంది. అప్పట్నుంచి ఇద్దరికీ మాటల్లేవు. "నీళ్ళు కాగాయి, ఎవరికో" అని ఆమె గోడకి చెప్పేది. "ఎవరికో గుండీలు పెట్టాలి" అని ఆయన తలుపుకి చెప్పేవాడు. ఆమె వెళ్ళి మొహం చూడకుండా గుండీలు పెట్టేది.

రేకు తలుపు ధన్‌మని కొట్టుకుంది. మావ వెళ్ళిపోయాడు. చిన్నసారు గోడ చుట్టూ తిరిగి ఇటు వచ్చి, రంగుడబ్బా జరిపి స్టూలు మీద కూర్చున్నాడు.

"విన్నావుగా అక్కా."

"రేకు గోడ బాబూ. చెవులు మూసుకున్నా వినిపిస్తుంది."

"నూట తొంభై ఎనిమిది అని రాసెయ్. గొడవుండదు."

"మీటరు?"

"వైరింగాయన్ని పిలిచి వెనక్కి తిప్పిస్తా. ఎవరొచ్చి చూస్తారు? వాళ్ళ ఆఫీసులో ముగ్గురే మనుషులు, ముగ్గురికీ నడుంనొప్పి."

"సంతకం నాది కదా."

"అక్కా, నా కోసమా నేను చెప్పేది? ఆ బండి పోతే నాకు చోటు కలిసొస్తుంది. మావ కోసం చెప్తున్నా. బండి లేకపోతే ఆయన్ని ఏ సీట్లో కూర్చోబెట్టను? నా కుర్చీలోనా?" లేచి ప్యాంటు దులుపుకున్నాడు. "ఎల్లుండి దాకా గడువుంది. ఆలోచించుకో."

దూరంగా వెళ్ళి ఆలోచించుకుందామన్నా ఆమెకి చోటు లేదు. యార్డు వెనక గోడకి ఆనుకునే వాళ్ళ ఇల్లు, ఆ వరసలో నాలుగోది. తెల్లారి లేవగానే కిటికీ గట్టు తడిగుడ్డతో తుడవడం ఆమెకి పాతికేళ్ళ అలవాటు. ఒకప్పుడు ఆ గుడ్డ పిండితే సిరా కారినట్టు నల్లనీళ్ళు కారేవి. పక్కింటి పిన్ని ఆరేసిన బట్టలు తీస్తూ యార్డుని మూడు తరాల వెనక్కి వెళ్ళి తిట్టేది. ఒక్కో పాత ఇంజనూ పోతున్నకొద్దీ నీళ్ళు బూడిదరంగుకి వచ్చాయి. ఇప్పుడు మామూలు దుమ్మే. ఇందుకు గంటలక్కకి ఎవరూ శాలువా కప్పలేదు. పిన్ని తిట్టడం మానేసింది, అదే పెద్ద సన్మానం.

మర్నాడు మధ్యాహ్నం యార్డు సద్దుమణిగాక, ఇంకొక్కసారి మీటరు చూద్దామని పెద్దావిడ దగ్గరికి వెళ్ళింది. ఎండ నెత్తిన కూర్చుంది. రేకులు ముట్టుకుంటే చెయ్యి కాలుతోంది. కంకర గుట్ట వెనక, ఉన్న కాస్త నీడలో లోడరు ఆపి ఉంది. ఇంజను ఆడటం లేదు. కడ్డీ పట్టుకుని, ఒక్కో మెట్టు దగ్గరా ఆగి ఊపిరి తీసుకుని ఎక్కింది.

లోపల మావ సీటు వెనక్కి వాల్చి నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. అద్దానికి కట్టిన అరచేయంత ఫ్యాను ఆయన మొహం మీదికి గిర్రున తిరుగుతోంది. గుర్రు పెడుతున్నప్పుడల్లా మీసం లేస్తోంది.

ఆమె ఆయన మోకాళ్ళ మీదుగా వంగి అద్దం తుడిచింది. రెండు వందల ఏడు. అంకెల పక్కన ఆవగింజంత చక్రం ఒకటుంటుంది. మీటరు లెక్కపెడుతున్నంతసేపూ అది తిరుగుతుంది.

తిరుగుతోంది.

ఆమె ఇంజను పెట్టె మీద చెయ్యి వేసింది. అదురు లేదు. చెవి పెట్టింది. చప్పుడు లేదు. మళ్ళీ చక్రం వంక చూసింది. నింపాదిగా, ఎవరి పనో తన పన్నట్టు తిరుగుతోంది. చూపు అక్కణ్ణించి మెల్లగా తాళం మీదికి వచ్చింది. తాళం సగం తిప్పి ఉంది, ఫ్యానుకి కరెంటు అందేటంత. మీటరుకి ఇంజనుతో పని లేదు. తాళంతోనే.

చెయ్యి చాపి తాళం తీసేసింది. ఫ్యాను ఆగింది, చక్రం ఆగింది. క్షణంలో మావ మొహం మీద చెమట పట్టింది. కళ్ళు తెరిచాడు.

"కరెంటు పోయిందా?"

"బండికి కరెంటు పోవడమేంటయ్యా!"

నాలుగు రోజుల తర్వాత మొగుడితో అన్న మొదటి మాట అది. ఆయనకది తట్టలేదు. ఆమెకి తట్టింది కానీ ఇప్పుడు వెనక్కి తీసుకోవడం దేనికనుకుంది.

"ఫ్యాను ఎప్పుడు పెట్టావు?"

"ఈ నెల మొదట్లో. ఎండ ముదిరాక. ఏం, దానికీ నిబంధనుందా?"

"రోజూ పడుకుంటున్నావా?"

"అన్నం తిన్నాక ఓ నలభై నిమిషాలు. నువ్వు దొంగన్నాక మూడు రోజులు కన్నంటుకోలేదు, మళ్ళీ ఇవాళే. పడుకోక ఏం చెయ్యను? రెండు గంటలకి మించి నడపనివ్వవు."

"తాళం తిప్పితేనే తిరుగుతుందా?"

"మరి నా మొహం చూసి తిరుగుతుందా?"

వేళ్ళు మడిచి లెక్కపెట్టింది. పద్దెనిమిది పనిరోజులు. నలభై నిమిషాల చొప్పున పన్నెండు గంటలు. చీటీలన్నీ నిజమే, మొగుడూ నిజమే. పై మెట్టు మీదే చతికిలపడింది. విషయం చెప్పింది. మావ కాసేపు మీటరు వంకా ఫ్యాను వంకా చూశాడు.

"అంటే నేను దొంగని కాదన్నమాట."

"కాదు."

"మరి అను."

"అన్నాగా."

"గొణగడం కాదు. దొంగన్నప్పుడు పక్కింటి పిన్నికి కూడా వినపడింది. ఇదీ వినపడాలి."

ఆమె అటూ ఇటూ చూసింది. "మా ఆయన దొంగ కాదు!" అని అరిచింది. దూరంగా టిప్పరు కింద పడుకున్న డ్రైవరు ఒకడు తలెత్తి, "మేమెప్పుడన్నామక్కా!" అన్నాడు.

మావ నవ్వాడు. ఆమె కూడా నవ్వబోయింది కానీ సగంలో ఆగిపోయింది. ఈ మీటరు బిగించిన రోజు గుర్తొచ్చింది. కిందటేడు ఆఖరి రోజు సాయంత్రం పాతది చచ్చిపోయింది. నివేదిక ఆ రోజే పంపాలి. మీటరు ఇంజను తిరిగితేనే తిరిగేలా కలపాలంటే నూనె ఒత్తిడి చూసే బిళ్ళ ఒకటి కావాలి, అది రేపు తెస్తానన్నాడు వైరింగాయన. "రేపు దేనికి? ఎక్కడో ఒకచోట కలుపు, చీకటి పడేలోగా తిరిగితే చాలు" అని నెత్తిన నిలబడి పని చేయించింది తనే. ఆయన తాళం వైరుకి కలిపి వెళ్ళిపోయాడు. ఇంజను వేసి చూస్తే చక్రం తిరిగింది. ఇంజను ఆపి తాళం ఉంచితే ఏమవుతుందో ఎవరూ చూడలేదు. నివేదికలో ఒక గడి ఉంది: మీటరు ఇంజను నడిచినప్పుడు మాత్రమే లెక్కిస్తుందా? అవును అని రాసి, గుండ్రంగా సంతకం పెట్టింది.

"ఇంకేం, నూట తొంభై ఐదని రాసెయ్. అదే కదా నిజం!" అన్నాడు మావ. "ఆ పన్నెండు గంటలూ పొగ రాలేదు, ఒక్క చుక్క డీజిలు కాలలేదు. కాలిందల్లా నా నిద్రే."

ఆయన మాట న్యాయంగానే ఉంది. రికార్డు గదికి వెళ్ళి పొగ ఆఫీసుకి ఫోన్ చేసింది. చాలాసేపు పాట వినిపించారు. తర్వాత ఒకాయన గొంతు, పొద్దుట్నుంచీ మాట్లాడి మాట్లాడి అరిగిపోయిన గొంతు, పలికింది. అంతా చెప్పింది. ఫ్యాను కూడా చెప్పింది.

"అమ్మా, మాకు మీ ఆయన నిద్ర తెలీదు. మీటరే తెలుసు."

"చీటీలున్నాయండీ."

"చీటీలు మీరు రాసుకునేవే కదమ్మా. మీటరు తాళంతో తిరుగుతోందంటున్నారు. మరి కిందటేడు ఇంజనుతోనే తిరుగుతుందని సంతకం పెట్టిందెవరు?"

"నేనేనండీ."

అవతల కుర్చీ కిర్రుమంది. "చూడండి. మీటరు నమ్మితే రెండు వందల ఏడు, హద్దు దాటింది. నమ్మకపోతే, నమ్మదగ్గ మీటరు లేని బండికి మినహాయింపే లేదు. ఎటు చూసినా ఈ నెలాఖరుకి బండి తీసెయ్యాలి. ఉత్తరం రాస్తానంటే రాయండి, ఫైల్లో పెడతాం." చివరగా, "ఇంత నిజం ఎవరూ ఫోన్ చేసి చెప్పరమ్మా" అన్నాడు. అది మెప్పో, జాలో ఆమెకి అర్థం కాలేదు. ఫోన్ పెట్టేసింది.

అంటే నిజం చెప్పి పెద్దావిడని నిలబెట్టుకునే దారి లేదు. నూట తొంభై ఎనిమిదని రాసి, మీటరు వెనక్కి తిప్పించి, నోరు మూసుకుంటే ఉంటుంది.

సాయంత్రం ఇంట్లో మావకి చెప్పింది. ఆయన గోడకి చేరగిలబడి విన్నాడు.

"నిద్రపోయినందుకు బండి పీకేస్తారా?"

"నిద్రకి కాదు. మీటరుకి."

"అయితే చిన్నసారు చెప్పినట్టే చెయ్. ఎవరి కొంప మునుగుతుంది? ఎవడి ముక్కులోకి పొగెళ్ళింది?"

"ఎవరి ముక్కులోకీ వెళ్ళలేదు."

"మరింకేమే?"

ఆయన తన కుడిచెయ్యి ముందుకి చాపాడు. అప్పుడే గిన్నెలు కడిగొచ్చిన చెయ్యి. రెండు వేళ్ళూ తెల్లగా పాలిపోయి ఉన్నాయి. "ఈ వేళ్ళకి ఇంకెవడిస్తాడే సీటు?" అన్నాడు. గొంతులో కోపం లేదు. ఆమె ఆ వేళ్ళు తన రెండు చేతుల మధ్యా పెట్టుకుని, రంగు తిరిగొచ్చేదాకా రుద్దింది.

ఆఖరి రోజు పొద్దున్నే బల్ల ముందు కూర్చుని పెన్ను తీసింది. కాగితం మీద అంకె వెయ్యడానికి నాలుగు క్షణాలు చాలు. కానీ ఒకసారి నూట తొంభై ఎనిమిది వేస్తే, వచ్చే ఏడాది మొదటి అంకె కూడా అదే వెయ్యాలి. ప్రతి నెలా ఒకటో తారీకున బండెక్కి, వెనక్కి తిప్పిన అంకెని నిజమన్నట్టు రాయాలి. ఏ అంకె ఎందుకు మార్చిందో గుర్తు పెట్టుకోవాలి. వైరింగాయనకి గుర్తుండకుండా చూసుకోవాలి. చిన్నసారు ఇంకో బండికి అడిగితే కాదనడానికి నోరుండదు. మోకాళ్ళతోనే ఎక్కలేకపోతోంది, ఆ బరువు నెత్తిన పెట్టుకుని ఎక్కగలదా? గొప్ప నీతికి పోయి కాదు. ఓపిక లేక. రెండు వందల ఏడు అని రాసింది. మీటరు గడిలో కాదు అని రాసింది. కిందటేడు తప్పు రాశానని, ఎందుకు రాశానో, ఒక కాగితం రాసి జతచేసింది.

చిన్నసారు కాగితం రెండుసార్లు చదివాడు. తన సంతకం గీకి పెన్ను బల్ల మీద పడేశాడు.

"ఇంజనుకి కన్నం పెట్టాలి. మళ్ళీ ఎవరూ వాడకుండా. పక్కన నంబరు పలక కనపడేలా ఫోటో తీసి పంపాలి. అదీ నువ్వే తియ్యాలి, తెలుసుగా?"

"తెలుసు బాబూ."

"మావ సంగతి చూద్దాంలే."

చూద్దాం అంటే లేదని ఆ యార్డులో అందరికీ తెలుసు. ఆమె కదల్లేదు.

"నా వెంట ఒక మనిషి కావాలి బాబూ. ఒకటో తారీకు రౌండుకి, పలకలు బిగించడానికి. మోకాళ్ళు పనిచెయ్యడం లేదు. మనిషి లేకపోతే ఈ పుస్తకం నావల్ల కాదు. ఇంకెవరి చేతిరాతన్నా చూసుకోండి."

చిన్నసారుకి విషయం అర్థమైంది. "మనిషినిస్తే ఇస్తా అక్కా. కానీ మావొస్తాడా? లోడరు నడిపిన మనిషి పెళ్ళాం వెనక మసిగుడ్డ పట్టుకు తిరుగుతాడా? కుర్రాళ్ళు ఆయన్ని బతకనిస్తారా?"

"అడుగుతాను."

"రానంటే?"

"అడుగుతానన్నాగా బాబూ."

మావ గొట్టంతో పెద్దావిడని కడుగుతున్నాడు. రేపు కన్నం పెట్టే బండిని ఎవరైనా కడుగుతారా? ఆయన కడుగుతున్నాడు. బకెట్ పళ్ళ సందుల్లో ఎండిన మట్టిని పుల్లతో గీకి తీస్తున్నాడు. ఆమె వచ్చి నిలబడటం చూశాడు. చూసి కూడా చక్రాలు కడిగాడు, మెట్లు కడిగాడు, అద్దాలు తుడిచాడు. ఆమె నిలబడే ఉంది. చివరికి నీళ్ళు కట్టేసి, తడిచేతులు చంకల్లో పెట్టుకుని ఎదురుగా వచ్చాడు.

"రెండు వందల ఏడు వేశావా?"

"వేశాను."

"అనుకున్నాలే." నేల మీద నీళ్ళు పారుతున్నవైపు చూశాడు. "నేనైతే వేసేవాణ్ణి కాదు. చెప్తున్నా."

"తెలుసు."

"కోపంగానే ఉంది నాకు."

"ఉండనీ."

"రేపట్నుంచి ఇంట్లో కూర్చుని ఏం చెయ్యమంటావు? కిటికీ గట్టు తుడవమంటావా?"

ఆమె ఒక అడుగు ముందుకేసి, ఆయన చొక్కాకి విడిపోయిన పై గుండీ పెడుతూ, మొహం చూడకుండా మాట్లాడింది.

"ఒకటో తారీకు పొద్దున్నే నాతో రా. ఇంకా ఇరవై రెండు బండ్లున్నాయి. నువ్వెక్కి అంకె చదువు, నేను కింద నిలబడి రాసుకుంటాను. కుర్రాళ్ళు నవ్వుతారు. నవ్వనీ, నాలుగు రోజులు నవ్వి వాళ్ళే విసుక్కుంటారు. నీకు ఇష్టమని రమ్మనడం లేదు, నాకు చేతకాక రమ్మంటున్నాను. ఒక్కటి మాత్రం చెయ్యి. బండి ఎవరిదైనా సరే, నీకు వాడంటే ఎంత ఇష్టమైనా సరే, కనపడిన అంకె కనపడినట్టు చదువు."